ఆలుచిప్పలపై నీటి వేడి, ఉప్పదనం ప్రభావాన్ని కొలవడం ఎలా?

తొట్టి నీటి ఉప్పదనాన్ని 12 పీపీటీకి (అంటే వెయ్యి భాగాల నీటిలో 12 భాగాల ఉప్పుకు) దించి, అందులోని ఆలుచిప్పలు ఎంత ఆక్సిజన్ వాడుకుంటున్నాయో మూడు రోజులు వరుసగా కొలిచి, "తక్కువ ఉప్పులో ఇవి చాలా పొదుపుగా బతుకుతున్నాయి" అని నోటుపుస్తకంలో రాసుకున్న చరిత్ర నాది. నాలుగో రోజు ఒకదాన్ని చేతిలోకి తీసుకుంటే గాని అసలు సంగతి తెలియలేదు. అవి పొదుపు చేయడం లేదు, తలుపులు బిడాయించుకుని కూర్చున్నాయి. మూడు రోజులూ నేను కొలిచింది మూత బిగించిన డబ్బాలను.

మీరు ఆ పొరపాటు చేయకూడదనే ఇది రాస్తున్నాను. జంతుశాస్త్రమో మత్స్యశాస్త్రమో చదువుతూ ప్రాజెక్టు చేయాలనుకునేవారికి, హేచరీలో పనిచేస్తూ "ఈ నీటిలో ఇవి నిజంగా తింటున్నాయా?" అని సందేహపడేవారికి పనికొస్తుంది. పరికరాలు పెద్దగా అక్కర్లేదు. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్, ఆక్సిజన్ మీటరు, సూక్ష్మదర్శిని, కణాలు లెక్కపెట్టే గాజుపలక, సన్నని తూకపు యంత్రం ఉంటే చాలు. నాలుగైదు వారాల ఓపిక మాత్రం కావాలి.

వేడికి తలుపు లేదు, ఉప్పుకు ఉంది

ప్రయోగం మొదలుపెట్టే ముందు ఈ ఒక్క తేడా మనసులో నాటుకోవాలి. మిగతా జాగ్రత్తలన్నీ దీని నుంచే పుడతాయి.

ఆలుచిప్పకు సొంత ఒంటి వేడి అంటూ ఉండదు. నీరు ఎంత వెచ్చగా ఉంటే అదీ అంతే. నీరు వేడెక్కితే ఎంజైముల వేగం పెరుగుతుంది, గుండె వేగంగా కొట్టుకుంటుంది, మొప్పల మీద సన్నని వెంట్రుకల్లా ఉండే శైలికలు నీటిని వేగంగా తోడతాయి. జీవికి అనువైన పరిధిలో ఉన్నంతవరకు 10 డిగ్రీలు పెరిగితే జీవక్రియ వేగం సాధారణంగా రెండు నుంచి మూడు రెట్లవుతుంది. అదే వేడి నీటిలోని ఆక్సిజన్‌ను తగ్గిస్తుంది. 35 పీపీటీ సముద్రపు నీరు 10 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరుకు దాదాపు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను పట్టి ఉంచుతుంది. 20 డిగ్రీల దగ్గర అది 7.4కు, 30 దగ్గర 6.2కు పడిపోతుంది. ఖర్చు పెరిగే వేళకే రాబడి తగ్గుతుందన్నమాట. చిప్పలు మూసుకున్నంత మాత్రాన వేడి లోపలికి రాకుండా ఆగదు.

ఉప్పు సంగతి వేరు. చేపల మాదిరిగా ఒంట్లో ఉప్పును ఒకే స్థాయిలో నిలుపుకునే శక్తి సముద్రపు ఆలుచిప్పలకు లేదు. బయటి నీరు పలచబడితే వాటి రక్తమూ పలచబడుతుంది. అప్పుడు నీరు కణాల్లోకి చొరబడి అవి ఉబ్బుతాయి. ఆ ఉబ్బు తగ్గించుకోవడానికి కణాలు తమలో దాచుకున్న టారిన్, గ్లైసిన్, అలనిన్ వంటి అమైనో ఆమ్లాలను వదిలించుకుంటాయి. ఉప్పు పెరిగితే తిరిగి కూడబెట్టుకుంటాయి. ఈ సర్దుబాటు పూర్తవడానికి రోజులు, ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది. అంతదాకా ఆగలేని జీవి ముందు చేసే పని చిప్పలు మూసుకోవడమే. మూసుకుంటే లోపల చిక్కిన నీరు పాత ఉప్పదనంతోనే ఉంటుంది.

దానికి మూల్యం లేకపోలేదు. మూసుకున్న చిప్పల మధ్యకు ఆక్సిజన్ రాదు, ఆహారమూ రాదు. ఆక్సిజన్ లేకుండా శక్తిని పుట్టించుకునే దారి పట్టాల్సి వస్తుంది, సక్సినేట్ వంటి ఆమ్లపదార్థాలు పేరుకుంటాయి. ఆ ఆమ్లాన్ని విరవడానికి జీవి తన చిప్పలోని కాల్షియం కార్బొనేటునే కరిగించుకుంటుంది. ఇంటి గోడ సున్నం గీకి మందుగా మింగినట్టు!

ఇప్పుడు రెండింటినీ కలిపి చూడండి. పలచటి నీరు చిప్పలను మూయిస్తుంది, మూసిన చిప్పల లోపల దాచుకున్న సొమ్మును వేడి త్వరగా ఖర్చు చేయిస్తుంది. చల్లటి నీటిలో ఎన్నో రోజులు మూసుకుని గడపగల జీవి వేడి నీటిలో అంతకాలం నిలవలేదు. తక్కువ ఉప్పును ఒంటరిగా, వేడిని ఒంటరిగా తట్టుకునే జీవి రెండూ ఒకేసారి వస్తే చచ్చిపోయేది అందుకే. వేడిని ఒక ప్రయోగంలో, ఉప్పును మరో ప్రయోగంలో విడివిడిగా పరీక్షిస్తే ఈ సంగతి మీ కంటపడదు. రెండింటినీ ఒకే ప్రయోగంలో కలపాలి.

మొదటి పని: జీవులను ఎంచుకోవడం

ఏ జాతి అన్నది చిన్న ప్రశ్న కాదు. ఉత్తర అమెరికా తూర్పు తీరపు గట్టిచిప్ప జాతి మెర్సినేరియా మెర్సినేరియా చిప్పలను గట్టిగా మూసుకోగలదు. దాని పెరుగుదల 20 డిగ్రీల దగ్గర బాగుంటుంది, సుమారు 9 డిగ్రీల కిందకు దిగినా 31 దాటినా ఆగిపోతుంది. మెత్తచిప్ప జాతి మయా అరెనారియాకు నీటిని లాగి వదిలే గొట్టం ఎంత లావంటే, చిప్పలు పూర్తిగా మూసుకోవడమే దానికి సాధ్యం కాదు. అనడారా ప్రజాతికి చెందిన రక్తచిప్పల ఒంట్లో హీమోగ్లోబిన్ ఉంటుంది, కాబట్టి ఆక్సిజన్ కరువును అవి ఎదుర్కొనే తీరు వేరు. ఒక జాతిలో వచ్చిన ఫలితాన్ని ఇంకో జాతికి అంటగట్టకండి.

ఒకే చోట, ఒకే రోజు సేకరించినవి తీసుకోండి. పొడవును వెర్నియర్‌తో కొలిచి, దాదాపు ఒకే పరిమాణంలో ఉన్నవాటినే ఉంచుకోండి. చిన్న జీవులు తమ బరువుతో పోలిస్తే పెద్దవాటికన్నా ఎక్కువ ఆక్సిజన్ వాడతాయి. పరిమాణాలు కలగాపులగమైతే మీకు కనిపించే తేడా వేడిదో ఒంటి బరువుదో తేలదు. చిప్పల మీద అంటుకున్న నాచునూ చిన్న జీవులనూ బ్రష్షుతో రుద్ది తీసేయండి. అవి కూడా శ్వాసిస్తాయి, ఆ లెక్క మీ ఖాతాలో పడుతుంది.

గుడ్లు పెట్టే కాలం గురించి ముందే ఆలోచించండి. పక్వానికి వచ్చిన ఆలుచిప్పలకు నీటి వేడి ఒక్కసారిగా పెరగడమే గుడ్లు, వీర్యం వదలమనే పిలుపు. హేచరీల్లో ఈ కిటుకునే కావాలని వాడతారు. మీ ప్రయోగం మధ్యలో అది జరిగితే తొట్టి నీరు పాలలా తెల్లబడుతుంది, అమ్మోనియా ఎగబాకుతుంది, జీవుల బరువు పడిపోతుంది, నెల రోజుల శ్రమ పోతుంది. ముందుగా ఐదారింటిని కోసి బీజాశయం నిండుగా ఉందో లేదో చూసుకోండి. నిండుగా ఉంటే ప్రయోగాన్ని వాయిదా వేయడమే మేలు.

ఇసుకలో పూడుకుని బతికే జీవిని ఖాళీ గాజు తొట్టిలో పడేస్తే దాని మూత కండరం ఊరికే అలసిపోతుంది. మామూలుగా చుట్టూ ఉన్న ఇసుక చిప్పలను అదిమి పట్టి ఉంచుతుంది. ఇసుక వేయండి. కొలతల సమయంలో ఇసుక కుదరకపోతే చిప్పల చుట్టూ వదులైన రబ్బరు పట్టీ వేయడం పాత ఉపాయమే, బాగా పనిచేస్తుంది. బిగుతుగా వేస్తే మాత్రం అది తెరుచుకోలేదు.

రెండో పని: నీరు కలపడం

సముద్రపు నీటిని పలచన చేయడం సులువైన లెక్క. కావలసిన ఉప్పదనాన్ని ఉన్న ఉప్పదనంతో భాగించి, మొత్తం నీటితో హెచ్చిస్తే ఎంత సముద్రపు నీరు కావాలో వస్తుంది. 35 పీపీటీ నీటి నుంచి 20 పీపీటీ నీరు 100 లీటర్లు కావాలంటే 57 లీటర్ల సముద్రపు నీరు, 43 లీటర్ల మంచినీరు. మంచినీటిలో క్లోరిన్ ఉంటే సోడియం థయోసల్ఫేట్‌తో తొలగించండి. ఉప్పదనం పెంచాలంటే వంట ఉప్పు వాడకండి. అందులో ఉండేది దాదాపుగా సోడియం క్లోరైడ్ ఒక్కటే, కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం సముద్రపు పాళ్లలో ఉండవు. సముద్రపు ఉప్పు మిశ్రమమే వాడాలి. మంచినీరు కలిపినప్పుడు క్షారత్వం, కాల్షియం కూడా మారతాయి కనుక ప్రతి తొట్టిలోనూ పీహెచ్, క్షారత్వం కొలిచి రాసుకోండి. లేదంటే ఉప్పు పేరు మీద మీరు పరీక్షించేది సున్నం కొరతనే కావచ్చు.

రిఫ్రాక్టోమీటర్‌ను స్వేదన జలంతో సున్నాకు సరిచేసి వదిలేయడం చాలామంది అలవాటు. సున్నా దగ్గర సరిగ్గా చూపే పరికరం 35 దగ్గర రెండు మూడు అంకెలు తప్పు చూపొచ్చు. 36.5 గ్రాముల స్వచ్ఛమైన సోడియం క్లోరైడ్‌ను 963.5 గ్రాముల స్వేదన జలంలో కరిగించండి. ఆ ద్రావణం కాంతిని వంచే తీరు 35 పీపీటీ సముద్రపు నీటితో సమానం. రెండో బిందువుగా దానితో సరిచూసుకోండి. విద్యుద్వాహకత మీటరు వాడేవారికి ఈ ద్రావణం సరిపోదు, దాని పాళ్లు కొంచెం వేరు.

ఇంకో చిన్న విషయం. వెచ్చని తొట్ల నుంచి నీరు త్వరగా ఆవిరవుతుంది, ఉప్పు అక్కడే మిగులుతుంది. తొట్టి గోడపై నీటిమట్టం గీత గీసి, తగ్గినంత మేర మంచినీరే పోయండి. ఉప్పునీరు పోశారంటే వారానికల్లా వెచ్చని తొట్లన్నీ ఎక్కువ ఉప్పు తొట్లయిపోతాయి.

మూడో పని: తొట్లను పేర్చడం

మూడు ఉష్ణోగ్రతలు, మూడు ఉప్పదనాలు తీసుకుంటే తొమ్మిది జోడీలు. ఒక్కో జోడీకి కనీసం మూడు తొట్లు, మొత్తం 27. ఒకే తొట్టిలో 30 ఆలుచిప్పలు వేసి "నా దగ్గర 30 నమూనాలు ఉన్నాయి" అనకండి. వాటన్నిటికీ ఒకే నీరు, ఒకే గాలి గొట్టం, ఒకే ప్రమాదం. లెక్కలోకి వచ్చేది తొట్టి, జీవి కాదు. 1984లో హర్ల్‌బర్ట్ అనే పర్యావరణ శాస్త్రవేత్త దీన్ని బూటకపు పునరావృతి అని పేరు పెట్టి విమర్శించాడు. ఆ తప్పు ఇప్పటికీ ప్రాజెక్టు నివేదికల్లో వెలుగుతూనే ఉంది. 27 తొట్లు కుదరకపోతే రెండు ఉష్ణోగ్రతలు, రెండు ఉప్పదనాలకు కుదించుకోండి గాని ఒక్కో జోడీకి తొట్ల సంఖ్యను తగ్గించకండి.

ఉష్ణోగ్రతలను ఎంచుకునేటప్పుడు మీ జీవి అలవాటుగా బతికే నీటి స్థాయి ఒకటి తప్పక ఉండాలి. అది లేకపోతే మిగతావాటిని దేనితో పోల్చాలి?

నాలుగో పని: అలవాటు చేయడం

తెచ్చిన రోజే కొలవకండి. సేకరించిన చోటి వేడి, ఉప్పదనాల్లోనే వారం రోజులు ఉంచండి. ఆ తర్వాత రోజుకు 1 డిగ్రీ, 2 పీపీటీ చొప్పున నెమ్మదిగా మార్చండి. లక్ష్యం చేరాక ఇంకో రెండు వారాలు అలాగే ఉంచండి. అమైనో ఆమ్లాల సర్దుబాటుకు ఆ వ్యవధి కావాలి.

మీ ప్రశ్న "హఠాత్తుగా వరద నీరు వచ్చి పడితే ఏమవుతుంది?" అన్నదయితే ఒక్కసారిగానే మార్చాలి. రెండు పద్ధతులూ సరైనవే, కానీ అవి రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. ఏది చేశారో రాయకపోతే మీ ఫలితం ఎవరికీ అక్కరకు రాదు. నిజమైన తీరంలో ఇసుక ఒక దుప్పటిలా పనిచేస్తుందని కూడా గుర్తుంచుకోండి. పైన నీరు పలచబడినా ఇసుక రేణువుల మధ్య నీటి ఉప్పదనం మెల్లగా మారుతుంది, వేడి కూడా అంతే.

ఈ కాలంలో శైవలాలను ఆహారంగా ఇవ్వండి. ఐసోక్రైసిస్, టెట్రాసెల్మిస్, కీటోసిరస్‌లలో ఏదైనా ఫరవాలేదు. చిప్పలు నోరు వెళ్లబెట్టి, ముట్టుకున్నా మూసుకోని జీవి చనిపోయినట్టే. వెంటనే తీసేయండి, ఒక్కటి కుళ్లినా తొట్టంతా పాడవుతుంది. తొట్టిలో అమ్మోనియాను తినే సూక్ష్మజీవులు కూడా ఉప్పదనం మారినప్పుడు మందగిస్తాయి కాబట్టి మొదటి పది రోజులూ అమ్మోనియాను రోజూ చూసుకోండి. పీహెచ్, వేడి పెరిగేకొద్దీ ఆ అమ్మోనియాలో విషపూరితమైన వంతు పెరుగుతుంది.

ఐదో పని: తలుపు తెరిచి ఉందా?

అన్నిటికన్నా చవకైన కొలత ఇదే, అందరూ వదిలేసేదీ ఇదే.

ఒక్కో ఆలుచిప్ప మీద నంబరు రాయండి. గంటకోసారి ఒక్కోదాని ముందు ఆగి మూడు స్థితుల్లో ఏది అన్నది రాసుకోండి: మూసుకుని ఉంది, కొంచెం తెరిచి ఉంది కానీ గొట్టాలు బయటకు రాలేదు, గొట్టాలు చాచి నీటిని లాగుతోంది. మీ నీడ పడితే కొన్ని మూసుకుంటాయి, కాబట్టి పక్క నుంచి చూడండి. చేతనైతే ఒక చిప్పకు చిన్న అయస్కాంతం, రెండో చిప్పకు ఆ అయస్కాంతాన్ని పసిగట్టే హాల్ సెన్సరు అంటించి రాత్రంతా నమోదు చేయవచ్చు. ఎలక్ట్రానిక్స్ తెలిసిన స్నేహితుడు ఒక్కడుంటే పెద్ద ఖర్చు లేకుండా అయ్యే పని.

మూసుకున్న జీవి నిజంగా ఏ నీటిలో ఉందో తెలుసుకోవడానికి ఒక సరదా పరీక్ష ఉంది. దాన్ని బయటికి తీసి, తుడిచి, చిప్పల అంచుల మధ్య నుంచి సన్నని సూదితో లోపలి నీటిని రెండు చుక్కలు లాగి రిఫ్రాక్టోమీటర్ మీద వేయండి. తొట్టి 12 చూపిస్తున్నా లోపలి నీరు అంతకన్నా చాలా ఉప్పగా ఉంటే ఆ జీవి మీ ప్రయోగంలో ఇంకా అడుగు పెట్టలేదు. మీ పట్టికలో మాత్రమే 12 పీపీటీలో ఉంది.

ఆరో పని: కొలతలు

వడపోత నుంచి మొదలుపెట్టండి. 2 లీటర్ల బీకరులో ఒక ఆలుచిప్పను ఉంచి, గొట్టాలు చాచేదాకా ఆగి, మిల్లీలీటరుకు 20,000 కణాలు ఉండేలా ఐసోక్రైసిస్ కలపండి. మరీ చిక్కగా కలిపితే మింగకుండా జిగురుతో చుట్టి బయటికి తోసేస్తుంది. 30 నిమిషాల తర్వాత నమూనా తీసి న్యూబౌర్ పలక (కణాలు లెక్కపెట్టే గాజుపలక) మీద లెక్కపెట్టండి. పలకలో ఒక చదరపు మిల్లీమీటరు గడిలో వచ్చిన సంఖ్యను 10,000తో హెచ్చిస్తే మిల్లీలీటరుకు కణాల సంఖ్య వస్తుంది. జీవి లేని బీకరు పక్కన ఒకటి తప్పనిసరిగా పెట్టండి, ఎందుకంటే కొన్ని కణాలు వాటంతట అవే అడుగుకు దిగుతాయి.

20,000 కాస్తా 11,000 అయిందనుకుందాం, జీవి లేని బీకరులో 19,500. మొదటి సంఖ్యను చివరి సంఖ్యతో భాగించి సహజ సంవర్గమానం తీయాలి. జీవి ఉన్నదానికి 0.598, లేనిదానికి 0.025. తేడా 0.573. దాన్ని 2 లీటర్లతో హెచ్చించి అరగంటతో భాగిస్తే గంటకు సుమారు 2.3 లీటర్లు. ఇది 1969లో కఫ్లన్ వివరించిన సూత్రం, ఇప్పటికీ చాలామంది దీన్నే వాడతారు.

తర్వాత ఆక్సిజన్. మూత గట్టిగా బిగిసే పాత్ర, లోపల మెల్లగా తిరిగే కలపుడు కడ్డీ, గాలి బుడగ ఒక్కటీ లేకుండా నింపిన నీరు కావాలి. పాత్రలో నీటి పరిమాణం 0.6 లీటరు, గంటలో ఆక్సిజన్ లీటరుకు 7.3 నుంచి 6.1 మిల్లీగ్రాములకు తగ్గింది, ఖాళీ పాత్రలో 0.1 తగ్గింది అనుకోండి. 1.1ని 0.6తో హెచ్చిస్తే గంటకు 0.66 మిల్లీగ్రాములు. ఆక్సిజన్ నిండు స్థాయిలో 80 శాతం కన్నా కిందకు పోకముందే ఆపేయండి. వెచ్చని నీటిలో మొదలే తక్కువ, ఖర్చు ఎక్కువ, కాబట్టి 30 డిగ్రీల దగ్గర గంటసేపు ఆగితే మీరు కొలిచేది వేడిని కాదు, ఊపిరాడకపోవడాన్ని.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. ఆక్సిజన్ మీటర్లు నిజానికి కొలిచేది ఆక్సిజన్ పీడనాన్ని, మిల్లీగ్రాములను లెక్క వేసి చూపిస్తాయి. ఆ లెక్కకు ఉప్పదనం ఎంతో మీరు చెప్పాలి. సున్నా దగ్గరే వదిలేస్తే 20 డిగ్రీల 35 పీపీటీ నీటిలో 7.4 ఉండాల్సిన చోట 9.1 చూపిస్తుంది, అంటే దాదాపు 23 శాతం ఎక్కువ. ఉప్పు ఎక్కువున్న తొట్టిలో తప్పు ఎక్కువ, తక్కువున్న తొట్టిలో తక్కువ. ఫలితంగా అసలు లేని ఉప్పు ప్రభావం ఒకటి మీ గ్రాఫులో అందంగా పుట్టుకొస్తుంది. తొట్టి మార్చిన ప్రతిసారీ మీటరులో ఉప్పదనం మార్చండి. మీటరు లేనివారికి రసాయనాలతో ఆక్సిజన్ కొలిచే 1888 నాటి వింక్లర్ పద్ధతి ఉండనే ఉంది, ఓపిక ఉంటే అది ఎవరికీ తీసిపోదు.

మూసుకుని ఉన్న జీవి మళ్లీ తెరుచుకున్న తొలి గంటల్లో ఆక్సిజన్‌ను అప్పు తీర్చినట్టు ఎక్కువగా తాగుతుంది. ఆ సమయంలో కొలిస్తే తక్కువ ఉప్పు జీవక్రియను పెంచుతుందని, మూసుకున్నప్పుడు కొలిస్తే తగ్గిస్తుందని తేలుతుంది. ఒకే తొట్టి, రెండు ఎదురెదురు నిర్ధారణలు. అందుకే ప్రతి అంకె పక్కనా తలుపు స్థితి రాసి ఉండాలి.

అమ్మోనియా కొలవడానికి 1969లో సోలర్సానో వివరించిన ఫినాల్, హైపోక్లోరైట్ పద్ధతి చాలు, నీలం రంగు తేలుతుంది. ఉప్పు ఆ రంగును మారుస్తుంది కాబట్టి ప్రామాణిక ద్రావణాలను ఆయా తొట్టి ఉప్పదనంతోనే చేసుకోవాలి. ఫినాల్ చర్మాన్ని కాలుస్తుంది, చేతి తొడుగులు మరవకండి.

గుండె చప్పుడు వినాలనిపిస్తే చిప్పల కీలుకు దగ్గరగా, గుండె ఉన్న చోట పరారుణ సెన్సరు అంటించండి. జీవికి గాయం చేయకుండానే లయ తెలుస్తుంది. వేడి పెరిగేకొద్దీ గుండె వేగం పెరిగి, ఒక చోట హఠాత్తుగా పడిపోతుంది. ఆ మలుపు దగ్గరి ఉష్ణోగ్రతే జీవి తట్టుకునే హద్దుకు మంచి గుర్తు. చిప్పలు మూసుకున్నప్పుడు గుండె బాగా నెమ్మదిస్తుంది, కొన్నిసార్లు ఆగినంత పని చేస్తుంది. కంగారుపడకండి.

చివరికి జీవిని కోసి, మాంసాన్ని, చిప్పలను విడివిడిగా 60 డిగ్రీల దగ్గర బరువు నిలకడ అయ్యేదాకా ఆరబెట్టి తూచండి. పొడి మాంసం బరువును పొడి చిప్ప బరువుతో భాగించి 100తో హెచ్చిస్తే జీవి పుష్టి తెలుస్తుంది.

ఏడో పని: అంకెలతో మాట్లాడించడం

వేడి ప్రభావాన్ని క్యూ-10 అనే సంఖ్యతో చెబుతారు. రెండో రేటును మొదటి రేటుతో భాగించి, 10ని ఉష్ణోగ్రతల తేడాతో భాగించగా వచ్చిన ఘాతానికి ఎత్తాలి. 15 డిగ్రీల దగ్గర 0.30, 25 దగ్గర 0.69 వస్తే క్యూ-10 విలువ 2.3. అదే జీవి 30 దగ్గర 0.83 చూపితే 25, 30 మధ్య క్యూ-10 సుమారు 1.45 మాత్రమే. రేటు పెరుగుతూనే ఉంది కదా అని సంబరపడకూడదు, ఎక్కడానికి ఇక మెట్లు అయిపోతున్నాయని అర్థం. 1 కన్నా తగ్గితే శిఖరం దాటి దిగుతోందన్నమాట.

అన్ని కొలతలూ ఒక్కచోటికి చేరేది శక్తి లెక్కలో. పైన చెప్పిన ఉదాహరణలనే తీసుకుందాం. గంటకు 2.3 లీటర్లు వడపోసింది. నీటిలో లీటరుకు 0.5 మిల్లీగ్రాముల సేంద్రియ ఆహారం ఉంది, మిల్లీగ్రాముకు 23 జౌళ్లు, అందులో 60 శాతం ఒంటబట్టింది. రాబడి గంటకు 15.9 జౌళ్లు. ఖర్చు: ఆక్సిజన్ మిల్లీగ్రాముకు దాదాపు 14 జౌళ్ల చొప్పున 9.2. అమ్మోనియా నైట్రోజన్ గంటకు 0.02 మిల్లీగ్రాములు, మిల్లీగ్రాముకు దాదాపు 25 జౌళ్ల చొప్పున 0.5. మిగిలేది 6.2 జౌళ్లు. పెరగడానికి, గుడ్లకు జీవి చేతిలో ఉన్నది అంతే.

ఇప్పుడు నీటిని 5 డిగ్రీలు వేడి చేయండి. క్యూ-10 విలువ 2.3 అయితే శ్వాస ఖర్చు 14 జౌళ్లకు చేరుతుంది. వడపోత పాత స్థాయిలోనే ఉంటే మిగులు 1.4. వడపోత పదోవంతు తగ్గినా చాలు, లెక్క సున్నా కిందకు జారుతుంది. జీవి చావలేదు, గొట్టాలు చాచి హాయిగా ఉన్నట్టే కనిపిస్తోంది, కానీ రోజూ తన ఒంటినే తింటోంది. తక్కువ ఉప్పు తొట్టిలో ఇది మరో రూపంలో వస్తుంది. రోజులో సగం మూసుకుని ఉంటే రాబడి సగం పోయినట్టే, గంట వడపోత ఎంత బాగున్నా సరే. కాబట్టి ఐదో పనిలో రాసుకున్న తెరిచిన గంటల నిష్పత్తితో రాబడిని హెచ్చించిన తర్వాతే తొట్లను పోల్చండి.

వాడిన ఆక్సిజన్ పరమాణువులను వదిలిన నైట్రోజన్ పరమాణువులతో భాగిస్తే జీవి దేన్ని ఇంధనంగా వాడుతోందో కొంత తెలుస్తుంది. మన ఉదాహరణలో అది 29. కేవలం మాంసకృత్తులనే కాలిస్తే 7 దగ్గరికి పడిపోతుంది. అయితే ఉప్పు తగ్గించిన తొలి రోజుల్లో ఈ నిష్పత్తి తగ్గితే తొందరపడి "ఆకలితో కండ కరుగుతోంది" అనకండి. కణాలు ఉబ్బు తగ్గించుకోవడానికి వదిలించుకున్న అమైనో ఆమ్లాల నుంచి వచ్చిన అమ్మోనియా కూడా అందులో ఉంటుంది. రెండు వారాల తర్వాత కూడా తక్కువగానే ఉంటే అప్పుడు ఆకలి గురించి ఆలోచించవచ్చు.

చల్లదనం ఎప్పుడూ క్షేమం కాదు

వేడి తొట్లలో చావులు చూసి చూసి, చల్లటి తొట్టిని నమ్మకమైన ఆశ్రయంగా భావించడం సహజం. కానీ చలిలో రోగనిరోధక కణాలు కూడా మందగిస్తాయి. మనీలా ఆలుచిప్పల్లో విబ్రియో టేపెటిస్ అనే సూక్ష్మజీవి వల్ల వచ్చే గోధుమ వలయం జబ్బును 1987లో ఫ్రాన్స్‌లోని బ్రిటనీ తీరంలో మొదట గుర్తించారు. అది 21 డిగ్రీల నీటిలో కన్నా చల్లటి నీటిలోనే ఎక్కువగా కనబడుతుంది, ఉప్పు తగ్గితే ఇంకా పెరుగుతుంది. పెర్కిన్సస్ అనే పరాన్నజీవి సరిగ్గా దీనికి ఎదురు, వెచ్చని, ఉప్పని నీరంటే దానికి ఇష్టం. కాబట్టి చల్లటి తొట్టిలో చనిపోయినవాటి చిప్ప లోపలి అంచు తప్పక చూడండి. గోధుమ రంగు పట్టీ కనిపిస్తే ఆ చావును ఉష్ణోగ్రత ఖాతాలో నేరుగా వేయకండి.

ప్రయోగం ముగిశాక

మిగిలిన జీవులను జాలిపడి సముద్రంలో వదలకండి. వేరే చోట సేకరించినవాటితో కలిసి ఉన్నవి, తొట్టిలో జబ్బు అంటించుకున్నవి అక్కడి వాటికి ముప్పు తెస్తాయి. తొట్టి నీటిని క్లోరిన్‌తో శుద్ధి చేశాకే పారబోయండి.

చిప్పలను మాత్రం పారేయకండి. కడిగి ఆరబెట్టి, నంబరు, తొట్టి, తేదీ రాసిన కవర్లలో దాచండి. ఆలుచిప్ప తన కష్టకాలాన్ని చిప్పలో గీతలుగా రాసుకుంటుంది. 2006లో ఐస్‌లాండ్ దగ్గర సేకరించిన ఆర్కిటికా ఐలాండికా జాతి ఆలుచిప్ప వయసు 507 ఏళ్లని తేలింది అలాంటి గీతలు లెక్కపెట్టే. మీ తొట్టిలో ఉప్పు తగ్గించిన వారం దగ్గర గీతలు దగ్గరదగ్గరగా పడ్డాయో లేదో తర్వాత ఎప్పుడైనా చిప్పను నిలువుగా కోసి, నునుపుగా రుద్ది, సూక్ష్మదర్శిని కింద చూసుకోవచ్చు. కోసేటప్పుడు కీలు నుంచి అంచు దాకా పెరుగుదల ఎక్కువగా ఉన్న దిశలోనే కోయండి, అడ్డంగా కోస్తే గీతల వరస తెగిపోతుంది.